ముగ్గురు అక్కచెల్లెళ్ల ప్రేమకథ రాసేముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అధ్యాయాలూ, మిగతా కథ సారాంశమూ చదివాను. భీమవరంలో రొయ్యల చెరువులున్న ఇల్లు, ముగ్గురు అక్కచెల్లెళ్లు, మూడు ప్రేమలు. ఎత్తుగడ బాగుంది. అయితే మొదటి అధ్యాయంలో ఖరీదైన కారు, పాలరాతి మెట్లు, వజ్రాల హారం అన్నీ వచ్చాయి గానీ చెరువు రాలేదు. ఆ డబ్బు ఎక్కడ పుడుతోందో, ఎప్పుడు పోతుందో తెలియకపోతే వాళ్లు ధనవంతులన్న మాటకు కథలో బరువుండదు.

అందుకే ఎవరు ఎవరిని ప్రేమించాలో తేల్చేముందు ఆస్తి లెక్క తేల్చుకో. తాత నుంచి వచ్చింది 12 ఎకరాలు, తండ్రి కొన్నది 20, లీజుకు తీసుకున్నది 30 అనుకుందాం. ఏది ఎవరి పేర ఉంది, బ్యాంకుకెంత కట్టాలి, మేత డీలరుకెంత బాకీ, అన్నీ రాసిపెట్టుకో. వనామీ రకం రొయ్యల పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా డబ్బంతా నీళ్లలోనే ఉంటుంది. కిలోకు 30 రొయ్యలు తూగితే 30 కౌంట్. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు సోకితే ఎదగకముందే రొయ్యలు పట్టేసి, వచ్చిన ధరకు వదిలించుకోవాలి. 2025 ఆగస్టులో రొయ్యలతో సహా మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ చెరువు గట్టు దాకా వచ్చింది. నీ కథ ఆ నెలల్లో నడిస్తే, పెద్దమ్మాయికి డబ్బున్న సంబంధం కుదర్చాలని తండ్రి ఎందుకంత తొందరపడుతున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

ఆస్తి లెక్క లేకే నీ తండ్రి పాత్ర తప్పు మాట్లాడింది. "చిల్లిగవ్వ ఇవ్వను" అంటాడు, కూతురు హడలిపోతుంది. తండ్రి స్వార్జితం ఆయన ఇష్టం, ఎవరికైనా రాసుకోవచ్చు. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో మాత్రం కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా వాటా ఉంది. 2005 సెప్టెంబరు 9 నుంచి హిందూ వారసత్వ చట్టంలో ఉన్నది అదే; ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలన్న షరతేమీ లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చదువుకున్న అమ్మాయికి ఈ సంగతి తెలుసు, తండ్రికీ తెలుసు. తెలిసీ ఆమె అడగకపోవడం, అడగదన్న ధీమాతో ఆయన బెదిరించడం చూపించు. ఆ ఇద్దరి మధ్య ఉన్న ప్రేమ, భయం రెండూ అక్కడే బయటపడతాయి.

ముగ్గురికీ డబ్బుతో ఒకే సంబంధం ఉండకూడదు. పెద్దది లెక్కలు చూస్తుంది కాబట్టి ప్రతి ఖర్చూ ఆమెకు కనపడుతుంది. రెండోది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఇంటి డబ్బు ముట్టదు. చిన్నది ఖర్చుపెడుతుంది, ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎప్పుడూ అడగలేదు. ఎవరి ప్రేమ వాళ్లలోని ఆ చోటునే కదిలించాలి. ఇప్పుడు నీ ముగ్గురు అబ్బాయిలూ ఆరడుగుల వాళ్లే, ముగ్గురూ తక్కువ మాట్లాడేవాళ్లే. పేర్లు కొట్టేసి సంభాషణలు మాత్రం చదివి చూడు, ఎవరెవరో నీకే తెలియదు.

పెద్దమ్మాయినీ చెరువుల టెక్నీషియన్‌నీ కలిపిన ఆలోచన నాకు చాలా నచ్చింది. వాళ్ల మొదటి పెద్ద సన్నివేశాన్ని కాఫీ షాపులో పెట్టకు, తెల్లవారుజామున గట్టు మీద పెట్టు. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అది. కరెంటు పోయి, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగాయి, జనరేటర్ అందుకోవడం లేదు, గంటలు గడిస్తే పంట మొత్తం పోతుంది. పక్కపక్కన నిలబడి పనిచేసే ఇద్దరి మధ్య ఏం పుడుతుందో నువ్వు వర్ణించకపోయినా పాఠకులకు అందుతుంది. ఒక్క జాగ్రత్త. అతని జీతం ఆమె చేతిలో ఉంది. తన మనసు ఆమె ముందే చెప్పేస్తే, కాదనే వీలు అతనికి ఎక్కడుంది? అతను వేరే కంపెనీలో చేరాకే ఆ మాట రానివ్వు. "మీరు" పోయి "నువ్వు" రావడం కూడా అప్పటిదాకా ఆపు. అది ఒక్కసారే జరగాలి, ఎవరి నోటి నుంచి ముందు వస్తుందో బాగా ఆలోచించి రాయి.

రెండో అమ్మాయి ముస్లిం కుర్రాణ్ణి ఎంచుకుంటే, ఆ సాయంత్రానికే రిజిస్టర్ పెళ్లి చేయించావు. కుదరదమ్మా. ఇద్దరూ మతం మారకుండా చేసుకోవాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టమే దారి. ఇద్దరిలో ఒకరైనా పెళ్లి నోటీసిచ్చే జిల్లాలో 30 రోజులు ఉండి ఉండాలి, నోటీసిచ్చాక మరో 30 రోజులు ఆగాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే నకలు అక్కడి అధికారికీ వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. అంటే హైదరాబాద్‌లో రహస్యంగా ఇచ్చిన నోటీసు సొంత జిల్లాలో, నాన్నను ఎరిగినవాళ్ల కంట పడొచ్చు! ఇంత ఉత్కంఠ చట్టమే నీ చేతిలో పెడుతుంటే, ఫోన్ దాచేసే అత్త ఎందుకు? ఒక్క ఫోన్‌తో తీరే అపార్థాలన్నీ తీసెయ్.

అధ్యాయాలు 36 చాలు, ఒక్కొక్కటి 1,200 నుంచి 1,500 పదాలు. సమంగా పంచకు: పెద్దదానికి 15, రెండోదానికి 12, చిన్నదానికి 9. ఒకరి కథ ముగిశాక ఇంకొకరిది మొదలుపెడితే మూడోది చప్పబడుతుంది, ఎందుకంటే అప్పటికి నీ నడక పాఠకులకు కంఠతా వచ్చేస్తుంది. ఆరో అధ్యాయానికే రెండోదాన్ని దించు. చిన్నదాని అబ్బాయి మూడో అధ్యాయంలోనే ఏదో పనిమీద ఇంటికొచ్చి వెళ్లాలి. నాలుగు అధ్యాయాలకొకసారైనా ముగ్గురూ ఒక గదిలో కూర్చుని పోట్లాడుకోవాలి, మగవాళ్ల గురించే కాదు, అమ్మ నగలు ఎవరికన్నదాని గురించి కూడా.

చివర ఒకే పందిట్లో మూడు పెళ్లిళ్లు వద్దు. పెద్దది ఊళ్లో చేసుకోనీ. రెండోదాని పెళ్లికి ముగ్గురు సాక్షుల సంతకాలు కావాలి. అందులో అక్క సంతకం ఉందా లేదా అన్నది నువ్వు తేల్చు. చిన్నదానికి అప్పుడే పెళ్లి చెయ్యకు, ముందు ఉద్యోగంలో చేరనీ.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ