గాల్‌బ్లాడర్ రాళ్లు నల్లగా ఉన్నాయి.. ల్యాబ్‌లో పరీక్ష చేయించాలా?

ప్రశ్న: నా వయసు 26. సన్నగా ఉంటాను. బీపీ, షుగర్ లేవు. కడుపునొప్పి వస్తే స్కానింగ్ చేసి గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయన్నారు. నెల కిందట ల్యాపరోస్కోపీ చేసి గాల్‌బ్లాడర్ తీసేశారు. డిశ్చార్జ్ రోజున రాళ్లను చిన్న డబ్బాలో వేసి ఇచ్చారు. నల్లగా, మిరియాల్లా ఉన్నాయి. మా చెల్లి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. వాళ్ల ల్యాబ్‌లో ఎఫ్‌టీఐఆర్ మిషన్‌లో పెడితే రాయి దేంతో తయారైందో తెలిసిపోతుందంటోంది. దానివల్ల నాకేమైనా ఉపయోగం ఉందా? టమాటా, పాలకూర మానేయమని ఇంట్లో గొడవ చేస్తున్నారు. మానేయాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

డాక్టర్ సలహా: మీ చెల్లి చెప్పింది నిజమే, రాయి దేంతో తయారైందో ఆ మిషన్ చెప్పగలదు. అయినా గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్లు ఈ ప్రశ్న అడిగితే చాలామందికి అక్కర్లేదనే చెబుతాను. కిడ్నీ రాయి సంగతి వేరు. రాయి తీసేసినా కిడ్నీ అక్కడే ఉంటుంది, మళ్లీ రాయి కట్టొచ్చు. అందుకే అది ఏ రకమో తెలిస్తే తిండి, మందులు మార్చుకోవచ్చు. మీ విషయంలో రాళ్లు పుట్టే సంచినే తీసేశారు. ఇక రాయి కెమిస్ట్రీ తెలుసుకుని ఏం చేస్తాం?

కానీ మీ ఉత్తరంలో ‘నల్లగా, మిరియాల్లా’ అన్న మాట దగ్గర ఆగాను. దానికి తోడు వయసు 26, సన్నటి మనిషి.

కొలెస్టరాల్ రాళ్లు సాధారణంగా లేత పసుపు రంగులో ఉంటాయి. కోస్తే లోపల మెరిసే పలుకులు కనిపిస్తాయి. అసలు కొలెస్టరాల్‌ను మొదట గుర్తించింది కూడా 1769లో, ఈ గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) రాళ్లలోనే. ఆ పేరు గ్రీకులో ‘పిత్తం’, ‘గట్టిది’ అనే రెండు మాటల నుంచి పుట్టింది. ఉత్తరాదిలో ఈ రకం ఎక్కువ. మన దక్షిణాదిలో పిగ్మెంట్ రాళ్లు, మిశ్రమ రాళ్లు కూడా బాగానే కనిపిస్తాయి. పిగ్మెంట్ అంటే బిలిరుబిన్, ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు వచ్చే పసుపు పదార్థం. అది కాల్షియంతో కలిసి గట్టిపడితే నల్ల రాయి. పైత్యరసం నాళంలో ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చేవి గోధుమ రంగులో, వేళ్లతో నలిపితే చిట్లేంత మెత్తగా ఉంటాయి. మీవి మిరియాల్లా ఉన్నాయంటే మొదట అనుమానించాల్సింది నల్ల రకాన్నే.

ఎఫ్‌టీఐఆర్ అంటే ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చేసే పరీక్ష. కడిగి ఆరబెట్టిన రాయి నుంచి ఒకటి రెండు మిల్లీగ్రాముల పొడి చాలు. దాన్ని వంద రెట్ల పొటాషియం బ్రోమైడ్‌తో కలిపి చిన్న కల్వంలో మెత్తగా నూరి, ప్రెస్‌లో నొక్కి అద్దంలాంటి బిళ్ల చేస్తారు. దానిగుండా ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపితే ఒక్కో పదార్థం తనకు నచ్చిన కిరణాలను పీల్చుకుంటుంది. గ్రాఫ్‌లో అక్కడ శిఖరం వస్తుంది. కొలెస్టరాల్ అయితే గ్రాఫ్ అడుగు గీత మీద 3000 అంకెకి కాస్త దిగువన గట్టి శిఖరాలు, 1055 దగ్గర మరొకటి ఉంటాయి. కాల్షియం బిలిరుబినేట్ (బిలిరుబిన్, కాల్షియం కలిసింది) అయితే 1660, 1625, 1570 చుట్టూ వస్తాయి. నల్ల రాళ్లలో బిలిరుబిన్ గొలుసుల్లా అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి శిఖరాలు మొద్దుగా కనిపిస్తాయి. అది చూసి మీ చెల్లి మిషన్ పాడైందనుకోవద్దు. వానాకాలంలో పొటాషియం బ్రోమైడ్ చెమ్మ పీల్చి 3400 దగ్గర నీటి శిఖరం చూపిస్తుంది, దాన్నీ పట్టించుకోవద్దని చెప్పండి. రాయిని రెండుగా కోసి నడిబొడ్డు నుంచి కొంత, పైపొర నుంచి కొంత విడివిడిగా తీసి చూస్తే ఇంకా మంచిది. రాయి మొదలైంది మధ్యలోనే కదా. డబ్బాలో ఘాటు వాసన వచ్చే ద్రవం ఉంటే మాత్రం అది ఫార్మాలిన్. ఇంట్లో మూత తీయొద్దు. అందులో నానిన రాయితో ఫలితం తేడాగా రావచ్చు కూడా.

సరే, గ్రాఫ్‌లో బిలిరుబినేట్ అని తేలిందనుకుందాం. అది ఎందుకు పేరుకుందో గ్రాఫ్ చెప్పదు. దానికి రక్తమే చూడాలి. సీబీసీ (రక్తకణాల లెక్క), రెటిక్యులోసైట్ కౌంట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణాల లెక్క), పెరిఫెరల్ స్మియర్ (రక్తకణాలను మైక్రోస్కోపులో చూడడం), లివర్ ఫంక్షన్ టెస్టు (బిలిరుబిన్ డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ విడిగా), ఎల్‌డీహెచ్ (కణాలు విరిగితే రక్తంలో పెరిగే ఎంజైమ్), హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ ఏ రకమో తేల్చే పరీక్ష) చేయించండి. ఎర్రకణాలు మామూలుగా 120 రోజులు బతకాలి. హెరిడిటరీ స్ఫెరోసైటోసిస్, సికిల్ సెల్, థలసీమియాలాంటి జబ్బుల్లో అవి ముందే విరిగిపోతుంటాయి. ఆదిలాబాద్, పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ కేసులు చూస్తూనే ఉంటాం. కొందరికి ఏళ్ల తరబడి పెద్ద ఇబ్బందే ఉండదు. రాళ్లే మొదటి కబురు. ఉపవాసం ఉన్నప్పుడో, జ్వరం వచ్చినప్పుడో కళ్లు పచ్చబడడం మీరు ఎప్పుడైనా గమనించారా? చిన్నప్పుడు కామెర్లని పసరు పోయించారా? ఇవి డాక్టర్‌కి తప్పక చెప్పండి. లివర్ సిరోసిస్‌లో కూడా నల్ల రాళ్లు వస్తాయి కాబట్టి స్కానింగ్ రిపోర్టులో లివర్, స్ప్లీన్ (ప్లీహం) సైజు ఎంత రాశారో ఒకసారి చూడండి.

టమాటా, పాలకూర భయం కిడ్నీ రాళ్లది. ఈ రాళ్లతో వాటికి సంబంధం లేదు, తినండి. ఇంట్లో ఇంకెవరికైనా గాల్‌బ్లాడర్ రాళ్లుండి, ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే పడిపోతాయని ఎవరైనా చెబితే ఈ కథ చెప్పండి. న్యూజిలాండ్‌లో ఒకావిడ అలాగే తాగి, విరేచనంలో పడిన ఆకుపచ్చ ‘రాళ్లు’ తెచ్చి డాక్టర్లకు చూపించింది. 2005లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో వచ్చింది. ల్యాబ్‌లో చూస్తే వాటిలో కొలెస్టరాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. 40 డిగ్రీల వేడికే కరిగి నూనె అయిపోయాయి. ఆవిడ తాగిన నూనే కడుపులో సబ్బులా గడ్డకట్టింది. ఆవిడ అసలు రాళ్లు తర్వాత ఆపరేషన్‌లోనే బయటికొచ్చాయి.

తీసిన గాల్‌బ్లాడర్‌ను బయాప్సీకి పంపి ఉంటే ఆ రిపోర్టు తెచ్చుకుని ఫైల్లో పెట్టుకోండి. రాయి రిపోర్టు కంటే దాని అవసరమే ఎక్కువ. ఇక మీ చెల్లి సంగతి. మీ రక్తపరీక్షలో స్ఫెరోసైటోసిస్‌లాంటిది ఏదైనా బయటపడితే అది వంశంలో నడిచే జబ్బు. అప్పుడు రాయిని మిషన్‌లో పెడదామన్న ఆ అమ్మాయికి కూడా అవే రక్తపరీక్షలు, ఒక స్కానింగ్ చేయించాలి. మీ అమ్మానాన్నలకు కూడా.