“మా పాప ఇలా ఉండదు”

ప్రశ్న: డాక్టరుగారూ, మా పాపకు 14 నెలలు. వాంతులు, విరేచనాలు తగ్గకపోవడంతో ఆసుపత్రిలో చేర్చాం. రెండో రాత్రి ఒళ్లో తల వాల్చేసింది, గిలక్కాయ ఆడించినా చూపు తిప్పలేదు. “మా పాప ఇలా ఉండదు” అని సిస్టరుకు మూడుసార్లు చెప్పాను. “బీపీ బాగానే ఉందమ్మా, కంగారు పడకండి” అన్నారు. తెల్లవారుజామున ఐసీయూకు మార్చారు. దేవుడి దయవల్ల ఇప్పుడు బాగానే ఉంది. గట్టిగా అడగాల్సిందని మా అత్తగారు అంటారు. గొడవ పెట్టుకుంటే అసలు చూడరని మావారు అంటారు. నేనేం చేసి ఉండాల్సింది?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు మూడుసార్లు చెప్పారు. వినవలసింది మా వైపువాళ్లు. ముందు ఆ బరువు దించేసుకోండి.

“బీపీ బాగానే ఉంది” అన్న మాట దగ్గర కాస్త ఆగుతాను. నేనూ ఆ మాట చాలామంది తల్లులతో అన్నవాణ్ణే. పిల్లల ఒంట్లో నీరు తగ్గుతున్నప్పుడు గుండె వేగం పెరుగుతుంది, కాళ్లూ చేతుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. అలా శరీరం బీపీని చాలాసేపు నిలబెట్టుకొస్తుంది. అది పడిపోయిందంటే పరిస్థితి అప్పటికే చేయి దాటబోతోందన్నమాట. అంతకు ముందే కనిపించేవి వేరే ఉన్నాయి: మగత, లోతుకు పోయిన కళ్లు, చల్లబడ్డ అరికాళ్లు, గంటల తరబడి తడవని డైపరు. వీటిని మొదట పసిగట్టేది ఒళ్లో పెట్టుకున్న మనిషే. వార్డంతా ఒక్కతే తిరిగే సిస్టరుకు మీ పాప మామూలుగా ఎలా ఉంటుందో తెలియదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెప్పగలిగింది మీరే.

నాకు ఈ పాఠం నేర్పింది ఒక నాయనమ్మ. డ్యూటీలో చేరిన కొత్త. “పొద్దుటి నుంచీ వీడు నా ముక్కుపుడక పట్టి లాగలేదు బాబూ” అంది. నవ్వి ముందుకు వెళ్లిపోయాను. పక్క మంచం దగ్గర ఉన్నా ఆ మాట వదల్లేదు. వెనక్కి వచ్చి పిల్లవాడి గుండె మీద వేలితో నొక్కి వదిలాను. తెల్లబడ్డ చోట ఎరుపు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటింది, అంటే రక్తప్రసరణ తగ్గిందన్నమాట. వెంటనే సెలైన్ పెట్టాం, దక్కాడు. కేస్ షీటులో “ముక్కుపుడక లాగడం లేదు” అని ఆవిడ మాటే రాశాను. మర్నాడు రౌండ్స్‌లో మా ప్రొఫెసరుగారు ఎర్ర సిరాతో ఆ వాక్యం చుట్టూ గీత గీశారు, ఏమీ అనలేదు. నేను చీవాట్లకు సిద్ధపడి నిలబడ్డాను!

మీలాంటి అమ్మ మాట వినకపోవడం ఇక్కడి జబ్బు మాత్రమే కాదు. 2021లో లండన్‌లో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ల అమ్మాయి సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతిని, చనిపోయింది. సైకిలు మీద నుంచి పడి క్లోమానికి దెబ్బ తగిలితే ఆసుపత్రిలో చేర్చారు. తల్లి మెరోపి మిల్స్ తన భయాన్ని చెబుతూనే ఉంది. ముందే ఐసీయూకు మార్చి ఉంటే బహుశా బతికేదని మరుసటి ఏడాది విచారణలో తేలింది. తల్లిదండ్రుల పోరాటం వల్ల 2024లో ఇంగ్లండ్‌లోని 143 ఆసుపత్రుల్లో ‘మార్తా నియమం’ మొదలైంది. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని ఇంటివాళ్లకు అనిపిస్తే, చూస్తున్న డాక్టర్లు కాకుండా వేరే బృందం వచ్చి చూడాలని అడగవచ్చు, రాత్రయినా పగలయినా. నాకు ఇంకా నచ్చింది మరో అంశం: రోగి ఎలా ఉన్నాడని రోజుకు ఒక్కసారైనా ఇంటివాళ్లనే అడిగి రాసుకోవాలి. డబ్బు ఖర్చు లేని పని, మన దగ్గర ఎందుకు చేయకూడదో నాకు అర్థం కాదు.

మన దగ్గర అలాంటి నియమం లేకపోయినా, జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రెండో డాక్టరు అభిప్రాయం కోరే హక్కు ఉంది. జబ్బు గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కూ ఉంది. మీవారి భయం ఉత్తదని అనను. ప్రశ్నిస్తే ముఖం మాడ్చుకునే డాక్టర్లు నాకూ తెలుసు. అందుకే గొంతు పెంచడం కన్నా వివరం పెంచమంటాను. “బాలేదు” అంటే తేలిగ్గా దాటేస్తారు. “సాయంత్రం ఆరు తర్వాత డైపరు తడవలేదు, మూడుసార్లు పాలు పడితే ఒక్కసారీ తాగలేదు, పేరు పెట్టి పిలిస్తే చూడటం లేదు” అంటే దాటేయడం కష్టం. ఒక చీటీ మీద టైములు వేసి పెట్టుకోండి. సిస్టరు కదలకపోతే డ్యూటీ డాక్టరును, ఆయనా కదలకపోతే పెద్ద డాక్టరుకు ఫోను చేయమని అడగండి. “నేను అడిగానని కేస్ షీటులో రాయండి” అనండి. ఈ ఒక్క వాక్యానికి చాలామంది లేచి వస్తారు, అనుభవం మీద చెబుతున్నాను.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. ముంజేయి విరిగితే పిండికట్టు వేశారు. రాత్రంతా నొప్పి అని ఏడుస్తున్నాడు, వేళ్లు కాస్త ఉబ్బాయి. గారాబమేమోనని మాకు అనుమానం.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఎనిమిదేళ్లవాడు తన నొప్పి తనే చెప్పగలడండీ. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా వరసగా ఆరు బొమ్మలుండే చార్టు చాలా పిల్లల వార్డుల్లో ఉంటుంది. 1980లలో అమెరికాలో డోనా వాంగ్, కోనీ బేకర్ దాన్ని తయారుచేసినప్పుడు పిల్లల చేతనే ముఖాలు గీయించారు. మూడేళ్లు నిండినవాళ్లు కూడా వేలు పెట్టి చూపగలరు. మీవాణ్ణి అడిగి చూడాల్సింది.

కట్టు వేశాక నొప్పి పెరుగుతుంటే, వేళ్లు ఉబ్బినా, మొద్దుబారినా, నీలంగా మారినా, కదిపితే భరించలేకపోయినా ఆ గంటలోనే చూపించాలి. లోపల ఒత్తిడి పెరిగితే కండరాలు దెబ్బతింటాయి. మీ ఉత్తరం అందిన రోజే పత్రికవాళ్ల చేత ఫోను చేయించాను. కట్టు కోసి వదులు చేశారని, ఆ రాత్రి బాబు నిద్రపోయాడని చెప్పారు.