పక్షవాతం తర్వాత ధ్యాస: సూదులు ఎక్కడ, సాధన ఎక్కడ

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ చాలావరకు తేరుకున్నాయి. కానీ స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతారు, టీవీ నడుస్తుంటే పిలిచినా పలకరు. బరంపురంలో తలకు సూదులు గుచ్చి కరెంటు పెడితే నెల రోజుల్లో తగ్గుతుందని ఎవరో చెప్పారు. ఫిజియోథెరపీ ఆపేసి అక్కడికి తీసుకెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఆపొద్దు. ఫిజియోథెరపీ, ఇంట్లో చేయించే ధ్యాస అభ్యాసం, రెండూ సాధనే. సూదులు వేయించాలనుకుంటే ఆ సాధనతో పాటు వేయించండి, మానేసి కాదు. మీ ఊరి నుంచి బరంపురం వెళ్లి రావడానికి దాదాపు రోజంతా పోతుంది. పక్షవాతం తర్వాత అలసట వస్తే ముందు దెబ్బతినేది ధ్యాసే. బస్సులో ఒళ్లు హూనమై ఇల్లు చేరిన మనిషి ఆ రోజు ఇంకేమీ సాధన చెయ్యలేడు. వారానికి ఐదు రోజులు తిప్పి నెలాఖరుకు లెక్క చూసుకుంటే, సూదులు పడ్డాయి, సాధన పోయింది అని తేలుతుంది.

తలకు సూదులు వేసే చోట్లలో (పేర్లు చైనావి) ముఖ్యమైనవి నడినెత్తిన, అంటే రెండు చెవుల కొసలను కలిపే గీత తల మధ్యగీతను తాకే చోట ఉండే బాయ్‌హుయ్, దాని చుట్టూ నాలుగు దిక్కులా ఉండే సిషెన్‌సోంగ్, నుదుటి పైన వెంట్రుకల అంచుకు దగ్గర్లో ఉండే షెన్‌టింగ్. పావు మిల్లీమీటరు మందం సూదిని నిలువుగా కాక, చర్మం కిందుగా ఏటవాలుగా పోనిచ్చి 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. అది పుర్రె దాటదు, మెదడును తాకదు. పక్షవాతం తర్వాతి ఆక్యుపంక్చర్ (సూదుల వైద్యం) మీద, వైద్య పరిశోధనలను కూడగట్టి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2016లో 31 పరీక్షలను, 2257 మంది రోగులను కలిపి చూసింది. కొంత మేలు ఉండవచ్చంది. అయితే వాటిలో చాలా పరీక్షలు చిన్నవనీ, నాణ్యత చాలదనీ కూడా చెప్పింది. కాబట్టి ‘నెల రోజుల్లో’ అనే హామీకి ఆధారం లేదు.

ధ్యాస సాధనకు కూడా రుజువులు కుప్పలుగా లేవు. 2019 నాటి కాక్రేన్ సమీక్షకు దొరికినవి 6 పరీక్షలు, 223 మంది. రెండు పనుల మధ్య ధ్యాస పంచుకోవడం శిక్షణ ముగిసిన వెంటనే కాస్త మెరుగైంది, అది నిలిచిందని తేలలేదు. అయినా మేం సాధన వైపే మొగ్గుతాం. ఇంటి పని మీదే చేయించే సాధనకు ఖర్చు లేదు, నేర్చుకున్నది ఆ పనిలోనే అక్కరకొస్తుంది.

ముందు డాక్టరుతో మందుల చీటీ చూపించుకోండి. నిద్రమాత్రలు, కొన్ని ఫిట్స్ మందులు, గురకతో చెడే నిద్ర, దిగులు, రక్తంలో సోడియం తగ్గడం, వీటిలో ఏదైనా మనిషిని మందకొడిగా చేస్తుంది. అవి అలాగే ఉంటే సూదీ సాధనా రెండూ దండగ.

తర్వాత పొద్దుటే, టీవీ కట్టేసి, పళ్లెంలో గుప్పెడు కందిపప్పూ గుప్పెడు శనగపప్పూ కలిపి ఐదు నిమిషాల్లో వేరు చేయించండి. తప్పులు లెక్కపెట్టి రాసుకోండి. వరసగా మూడు రోజులు రెండుకు మించకపోతే రేడియో చిన్నగా పెట్టండి. అదీ కుదిరాకే, ఏరుతూ 20 నుంచి వెనక్కి లెక్కపెట్టించండి. చప్పుడూ రెండో పనీ ఒకేరోజు కలిపితే దేనివల్ల తడబడ్డారో తెలియదు. రోజుకు మూడు నాలుగు సార్లు, పది నిమిషాలు దాటకుండా చేయిస్తే చాలు. పాల సంగతికి సాధన ఫలించేదాకా ఆగొద్దు. స్టవ్ దగ్గర కుర్చీ, చేతిలో టైమరు ఉండాలి, ‘పాలు పెట్టాను, ఇక్కడే ఉంటాను’ అని పైకి అనాలి.

ఇంకోమాట. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఒడియా బడిలో చదువుకున్నవారు మీ ఒడిశా వైపు చాలామంది. పేపరులో ఒకే అక్షరాన్ని వెతికి కొట్టివేయించే పరీక్షకు ఆయన చదివిన లిపినే ఇవ్వాలని, సూచనలు మాత్రం తెలుగులో చెప్పాలని థెరపిస్టును అడగండి. లేకపోతే భాష తడబాటు ధ్యాస లోపంగా నమోదవుతుంది.

ప్రశ్న: అమ్మ పళ్లెంలో ఎడమ సగం అన్నం వదిలేస్తుంది. ఎడమ గుమ్మానికి భుజం కొట్టుకుంటుంది. కంటి డాక్టరు కళ్లు బాగున్నాయన్నారు. దీనికి ఏ వైపు సూది వెయ్యాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: సూది సంగతి తర్వాత. మెదడు కుడివైపు దెబ్బతిన్నప్పుడు ఎడమపక్కను పట్టించుకోకపోవడం తరచూ కనిపిస్తుంది. చూపు ఉన్నా ధ్యాస అటు పోదు. పళ్లెం తిప్పి పెడితే కడుపు నిండుతుంది గానీ అలవాటు మారదు. పళ్లెం ఎడమ అంచుకు ఎర్ర టేపు అంటించి, అది కనబడేదాకా తల తిప్పాకే ముద్ద తీయమనండి. మీరు ఎడమవైపే కూర్చుని పలకరించండి. మొదట్లో విసుక్కుంటుంది, ఆమెకు లోటు తెలియదు మరి. ఒంటరిగా రోడ్డు దాటనివ్వకండి.

ప్రశ్న: రక్తం పల్చబరిచే మాత్రలు వాడేవారు సూదులు వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి సాధారణంగా వేస్తారు, సూది తీశాక పొడి దూదితో కాసేపు ఎక్కువగా అదమాలి. వార్ఫరిన్ అయితే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే తాజా ఐ.ఎన్.ఆర్. రిపోర్టు చూపి డాక్టరు ఒప్పుకున్నాకే. సూది కోసం మాత్ర మానేస్తే మళ్లీ పక్షవాతం వచ్చే ప్రమాదముంది. పేస్‌మేకర్ ఉన్నవారికి, ఫిట్స్ వచ్చేవారికి కరెంటు వద్దు. ఆపరేషన్‌లో పుర్రె ఎముక తీసేసిన చోట సూదే వద్దు. భుజం, వీపు మీద వేశాక ఆయాసం వస్తే నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, ఊపిరితిత్తికి చిల్లు పడి ఉండవచ్చు. సూదుల ప్యాకెట్ మీ ఎదుటే విప్పాలి. ఎన్ని గుచ్చారో లెక్కపెట్టుకోండి, తీసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. జుట్టులో ఒకటి ఉండిపోయినా కనబడదు, స్పర్శ తగ్గిన మనిషి తనంతట తాను చెప్పడు.