తుమ్మచెట్టుకి ఇంటిపేరు ఎందుకు మారింది?

ప్రశ్న: నేను డిగ్రీ చదివే రోజుల్లో నల్ల తుమ్మ శాస్త్రీయ నామం అకేసియా నిలోటికా. ఇప్పుడు మా అమ్మాయి వాచెల్లియా నిలోటికా అంటోంది, నేను చెప్పేది తప్పంటోంది. చెట్టు మారలేదు కదా, పేరెందుకు మారింది? అసలు ఎవరు మారుస్తారు?

జవాబు: మీ అమ్మాయిదే రైటమ్మా. మీరు చదువుకున్నప్పుడు మీదీ రైటే. నా హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల సేకరణ) షీట్ల మీద నేనూ నల్ల ఇంకుతో అకేసియా అనే రాసుకున్నాను. పాత లేబుల్ కొట్టెయ్యకూడదు, పక్కనే కొత్త పేరుతో ఇంకో చీటీ అంటించాలి, అదీ మా పద్ధతి. తుమ్మ రెమ్మ పక్కన ఆ చీటీ అంటించిన రోజు నాకూ మనసు చివుక్కుమంది. ఎందుకో చెబుతాను.

శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. మన పేర్లలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. 1753లో, ఈ రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ చెట్టుని మైమోసా నిలోటికా అన్నాడు. ఆ తర్వాత అది అకేసియాలోకి వెళ్లింది, ఇప్పుడు వాచెల్లియాలోకి. మూడిళ్లు మారినా నిలోటికా మాత్రం వదల్లేదు చూడండి. నైలు నదికి చెందినది అని దానర్థం.

ఇల్లు మారడానికి మొదటి కారణం బంధుత్వం. సుమారు 1,350 జాతుల్ని అకేసియా అనే ఒక్క గొడుగు కిందకి తెచ్చారు. డీఎన్ఏ పోల్చి చూస్తే అవన్నీ ఒక తల్లి పిల్లలు కావని తేలింది. ఒకే పూర్వీకుడి సంతతి కానివాటిని ఒకే ప్రజాతిలో ఉంచడానికి ఇప్పటి వర్గీకరణ ఒప్పుకోదు. కనీసం అయిదు ముక్కలు చెయ్యాల్సి వచ్చింది. ఇంతవరకు సైన్సు. ఇక్కడ పెద్దగా గొడవేం లేదు.

గొడవంతా తర్వాతే. అయిదు ఇళ్లలో అకేసియా అనే పేరు ఎవరికి దక్కాలి? దీనికి డీఎన్ఏ జవాబు చెప్పదు, నామకరణ నియమావళి చెబుతుంది. ప్రతి పేరుకీ టైప్ అని ఒకటుంటుంది. జాతి పేరైతే ఏదో ఒక మ్యూజియంలోనో హెర్బేరియంలోనో ఉన్న ఒక నమూనాకి ముడిపడి ఉంటుంది. ప్రజాతి పేరైతే ఒక జాతికి. పేరు వర్ణనకి కాదు, ఆ టైప్‌కే అతుక్కుని ఉంటుంది. ప్రజాతిని చీలిస్తే టైప్ ఏ ముక్కలో పడితే పాత పేరు ఆ ముక్కదే. అకేసియాకి టైప్ ఏదో తెలుసా? మన నల్ల తుమ్మే! మామూలు లెక్కన పేరు దానికే ఉండాలి.

కానీ ఆ 1,350లో 950కి పైగా ఆస్ట్రేలియావి. నియమం ప్రకారం పోతే వాటన్నిటికీ పేర్లు మార్చాలి. అందుకని టైప్‌నే మార్చి ఒక ఆస్ట్రేలియా జాతిని పెట్టమని ప్రతిపాదన వచ్చింది. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర కాంగ్రెస్‌లో ఓట్లు వేశారు. ప్రతిపాదన వద్దన్నవాళ్లు 54.9 శాతం. అయినా అది నెగ్గింది! పేర్ల సంగతి చూసే కమిటీ అప్పటికే ఆమోదించినదాన్ని తోసిపుచ్చాలంటే 60 శాతం కావాలట. 2011లో మెల్‌బోర్న్‌లోనూ అదే ఖాయమైంది. అకేసియా అన్న మాటకి మూలం ముల్లుని సూచించే గ్రీకు పదం. ఆస్ట్రేలియా అకేసియాల్లో చాలావాటికి ముళ్లే లేవు. ఎవరి ముళ్లని చూసి ఆ పేరు పెట్టారో ఆ చెట్టుకే పేరు పోయింది. వందల పేర్లు మారకుండా కాపాడారన్నది నిజమే, కాదనను. నాకు మాత్రం ఆ లెక్క ఇప్పటికీ మింగుడు పడలేదు.

వాచెల్లియా కూడా నిన్నా మొన్నా పుట్టిన పేరు కాదు. 1834లో వైట్, ఆర్నాట్ అనే ఇద్దరు పెట్టి ఉంచారు. వాడుకలో లేని పాత పేరుని బయటికి తీశారంతే. చీల్చిన ముక్కకి సరిపడే పాత పేరుంటే కొత్తది పెట్టకూడదు.

ప్రశ్న: పేరు అర్థమే తప్పని తేలితే దిద్దుతారా?

జవాబు: దిద్దరు. పారడిసియా అపోడా అని ఒక పక్షి ఉంది. అపోడా అంటే కాళ్లు లేనిది. యూరప్‌కి చేరిన చర్మాలకి కాళ్లు కోసేసి ఉండేవి. 1758లో లిన్నేయస్ ఆ పేరే ఖాయం చేశాడు. దానికి రెండు కాళ్లూ శుభ్రంగా ఉన్నాయి, పేరు మాత్రం అదే. 1834లో హార్లన్ అనే ఆయన ఒక శిలాజాన్ని బల్లిజాతి సరీసృపం అనుకుని బాసిలోసారస్ అన్నాడు, బల్లుల రాజు అని. పళ్లు చూసి అది సరీసృపం కాదు, తిమింగలాల కోవకి చెందిన క్షీరదమని తేల్చిన ఓవెన్ అనే శాస్త్రవేత్త జ్యూగ్లోడాన్ అని పేరు సూచించాడు. చెల్లలేదు, ముందు అచ్చయిన పేరుదే హక్కు. ఆ తిమింగలం ఇవాళ్టికీ బల్లుల రాజే.