యూదు మతంలో అందం, చదువు కంటే మంచి గుణానికే ఎక్కువ విలువ ఇస్తారా?

మీరు అడిగినదానికి జవాబు, సగం అవును. అందం సంగతి తొందరగా తేలిపోతుంది. చదువు దగ్గరే ఉంది అసలు చిక్కు.

నేను ఇజ్రాయెల్‌లో, బ్నే బ్రాక్ అనే ఊళ్లో కేర్‌గివర్‌గా పనిచేశాను. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఈ పనికి వెళ్లినవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. నేను చూసుకున్న తాతగారు జీవితమంతా తాల్ముద్, అంటే యూదు గురువుల ధర్మ చర్చలూ కథలూ ఉన్న పెద్ద గ్రంథం, చదివిన మనిషి. పస్కా పండుగ వెళ్లాక శనివారం మధ్యాహ్నాల్లో ‘పిర్కే అవోత్’ అనే చిన్న గ్రంథం వారానికో అధ్యాయం చొప్పున చదవడం వాళ్లలో ఆనవాయితీ. శబ్బాత్ నాడు, అంటే వాళ్ల శనివారం విశ్రాంతి దినాన, పొయ్యి వెలిగించరు కాబట్టి శుక్రవారమే ఆన్ చేసి పెట్టిన ప్లాటా (కరెంటు వేడి పలక) మీది అన్నం తినేసి, ఆయన ఒక చేత్తో భూతద్దం పట్టుకుని, ఇంకో చేతి వేలు అక్షరాల కింద కుడి నుంచి ఎడమకు జరుపుకుంటూ చదివేవారు. నాది వంటింటి హీబ్రూ. దానికి తగ్గట్టే విడమరిచి చెప్పేవారు.

అందరూ చెప్పే మాట ఆ పుస్తకం నాలుగో అధ్యాయంలో ఉంది: కుండను చూడకు, లోపల ఏముందో చూడు, కొత్త కుండ నిండా పాత వైన్ ఉండొచ్చు, పాత కుండలో కొత్తది కూడా లేకపోవచ్చు. అలాగని అందం పాపమేమీ కాదు. రబ్బాన్ షిమోన్ బెన్ గమ్లియేల్ అనే గురువు (రబ్బీ, రబ్బాన్ అంటే గురువు అనే బిరుదులు) యెరూషలేములోని ఆలయ పర్వతం మెట్ల మీద యూదురాలు కాని ఒక అందమైన స్త్రీని చూసి, ‘దేవా, నీ సృష్టి ఎంత గొప్పది’ అన్నాడని తాల్ముదే చెబుతుంది. ఇంకోచోట రబ్బీ యెహోషువాను చూసి రోమన్ చక్రవర్తి కూతురు, ఇంత జ్ఞానం ఇంత వికారమైన పాత్రలోనా అంటుంది. మీలాంటి గొప్పవాళ్లు మట్టికుండల్లో వైన్ ఉంచడమేంటి, వెండి బంగారాల్లో పోయించండి అని ఆయన సలహా ఇస్తాడు. పోయిస్తే అంతా పులిసిపోతుంది. మరి అందగాళ్లలోనూ పండితులు ఉన్నారు కదా అని అడిగితే, వాళ్లు అనాకారులైతే ఇంకా గొప్ప పండితులయ్యేవారు అంటాడు. ఇది మాత్రం నాకు మాటకు మాట అన్నట్టే అనిపిస్తుంది.

ఇక చదువు. తాతగారు నాకు అర్థమయ్యేదాకా వదలకుండా చెప్పిన కథ తాల్ముద్‌లో తాఅనీత్ అనే భాగంలోది. రబ్బీ షిమోన్ కొడుకు రబ్బీ ఎలాజర్ గురువుగారి ఇంటి నుంచి గాడిదెక్కి నది ఒడ్డున వస్తున్నాడు. చాలా చదివేశానన్న గర్వం నెత్తికెక్కింది. దారిలో ఒక అనాకారి ఎదురై నమస్కారం చేస్తే, బదులు చెప్పకపోగా, ‘మీ ఊళ్లో అందరూ నీలాగే ఉంటారా?’ అన్నాడు. అవతలి మనిషి అన్నది ఒక్కటే: ‘నాకు తెలియదు. నన్ను తయారుచేసిన పనివాడి దగ్గరికి వెళ్లి, ఎంత వికారమైన పాత్ర చేశావయ్యా అని చెప్పు.’

ఎలాజర్ గాడిద దిగి సాష్టాంగపడ్డాడు. ఆ మనిషి క్షమించలేదు. ఎలాజర్ ఊరి దాకా వెనకాలే నడిచాడు. ఊరి జనం ‘గురువుగారూ’ అంటూ ఎదురొస్తే, ‘ఇతను గురువైతే ఇలాంటివాళ్లు ఎక్కువ కాకూడదు’ అన్నాడు ఆ అనాకారి. పెద్ద పండితుడు, మన్నించమని జనం బతిమాలితే, మీ కోసం మన్నిస్తున్నాను, ఇంకెప్పుడూ ఇలా చేయకూడదు అని షరతు పెట్టాడు. కథలో పండితుడి పేరు తండ్రి పేరుతో సహా ఉంది. అనాకారికి పేరే లేదు. ఈ కథను రాసి దాచినవాళ్లు కూడా పండితులే, తమవాడి పరువు కాపాడాలని చూడలేదు. నాకు బాగా నచ్చింది అదే. మీ ప్రశ్నకు నా జవాబూ ఇక్కడే ఉంది: చదువును తక్కువ చేయరు, చదివినవాడిని మాత్రం ఊరికే వదలరు.

గుణాన్ని ఎవరు కొలవాలి అన్నదానికి కూడా ఒక కథ ఉంది. లోపలా బయటా ఒకేలా లేని విద్యార్థి లోపలికి రాకూడదని పాఠశాల పెద్ద రబ్బాన్ గమ్లియేల్ దాని తలుపు దగ్గర కాపలా పెట్టాడు. ఆయన్ను పదవి నుంచి దించిన రోజున కాపలా తీసేస్తే 400 బెంచీలు అదనంగా వేయాల్సి వచ్చిందట, కాదు 700 అని ఇంకొకరు. ఇంతమందికి చదువు దక్కకుండా చేశానా అని ఆయన మథనపడితే, కలలో బూడిద నింపిన తెల్లటి కుండలు కనిపించాయి, అంటే వచ్చినవాళ్లంతా పైపై మెరుగులే అని. అది నిజం కాదు, ఆయన మనసు కుదుటపడడానికే అలా చూపించారు అని తాల్ముద్ వెంటనే తేల్చేస్తుంది.

ఆచరణలో ఎలా ఉంటుందంటే, మన పెళ్లి సంబంధాల్లాగే. అబ్బాయి ఏ యెషీవాలో (తాల్ముద్ నేర్పే పాఠశాలలో) చదివాడు, అమ్మాయి ఎలా ఉంటుంది అని బ్నే బ్రాక్‌లోనూ ముందే ఆరా తీస్తారు. తాతగారి మనవరాలి సంబంధం అప్పుడు ఫోన్లో జరిగిన విచారణంతా నేను విన్నాను. గుణం ఊసు వచ్చేసరికి అరగంట దాటింది.

చదవాలనుకుంటే సెఫారియా సైట్‌లో హీబ్రూ, ఇంగ్లిష్ పక్కపక్కనే ఉచితంగా దొరుకుతాయి. ఎలాజర్ కథ తాఅనీత్ 20వ పత్రం, చక్రవర్తి కూతురిది అందులోనే 7వ పత్రం, గమ్లియేల్‌ది తాల్ముద్‌లోనే బెరాఖోత్ అనే ఇంకో భాగంలో 28వ పత్రం. అవోత్ ఎప్పుడైనా చదవొచ్చు, అంతా చిన్న చిన్న వాక్యాలే.