బాత్రూం గోడ మీద నూగు ఈగలు: సమాధానం

బాత్రూం గోడ మీద ఈ నూగు ఈగలు ఏంటి, ఎలా పోగొట్టాలి అని అడిగారు కదా. అవి డ్రెయిన్ ఫ్లైలే, అంటే మురుగు గొట్టంలో పుట్టే చిన్న ఈగలే అయ్యుంటాయి. బెజవాడలో మీ ఫ్లాట్ బాత్రూం గోడకు అతుక్కుని, 2-3 మిల్లీమీటర్లు, ఒళ్ళంతా నూగు, గుండె ఆకారంలో రెక్కలు అన్నారుగా. కుట్టవు, టెన్షన్ వద్దు.

1. రాత్రి డ్రెయిన్ జాలీ మీద టేపు, జిగురు కిందికి ఉండేలా, కాస్త సందు వదిలి అతికించండి. పొద్దున్నే ఈగలు అంటుకుని ఉంటే పుట్టేది అక్కడే. లేకపోతే ఇంకో రెండు మూడు రాత్రులు చూడండి.

2. అందరూ ఫినాయిల్ పోసి వదిలేస్తారు. పొరపాటు అక్కడే. ఈ ఈగల పిల్ల పురుగులు గొట్టం లోపలి గోడకు పట్టిన జిగట పాచిలో ఉంటాయి, ఫినాయిల్ దాని మీంచి జారిపోతుంది. జాలీ తీసి, పొడవాటి బ్రష్‌తో ఆ పాచిని గట్టిగా గీకండి. తర్వాతే వేడినీళ్ళు.

3. వాడని బాత్రూం ఉంటే అక్కడి డ్రెయిన్‌కి కూడా ఇలాగే చేయండి.

ఉన్న ఈగలు రెండు వారాల దాకా కనిపిస్తాయి. వారానికోసారి గీకుతూ ఉండండి.