డీ అండ్ డీలో (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్) ఎగిరే క్యారెక్టర్ గాల్లో కదలకుండా ఆగొచ్చా? ఎప్పుడు పడతాడు, ఎంత దెబ్బ తగులుతుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కొత్తగా డీఎం (గేమ్ నడిపే మనిషి) అయ్యారు, ఫిఫ్త్ ఎడిషన్ 2014 పుస్తకాలతో ఆడుతున్నారు, ఒక ప్లేయర్ ఆరకోక్రా అనే రెక్కలున్న పక్షి జాతిని (రేస్) తీసుకుని ఫస్ట్ లెవెల్ నుంచే 50 అడుగుల పైకి వెళ్లిపోయి అక్కడినుంచి బాణాలు వేస్తున్నాడు, కింద గోబ్లిన్లు (చిన్న రాక్షసులు) దిక్కులు చూస్తున్నాయి, మీకేమో గాల్లో ఆగాలంటే హోవర్ అనే ప్రత్యేక సామర్థ్యం ఉండాలా, పైకెళ్తే మూవ్‌మెంట్ ఎక్కువ ఖర్చవ్వాలా, ఎప్పుడు పడాలి, దూరం ఎలా లెక్కపెట్టాలి అన్నీ డౌట్లే, చివరికి రేస్ మార్చుకోమని చెప్పేద్దామా అనుకుంటున్నారు.

మార్చమని చెప్పొద్దండీ. నేను హైదరాబాద్‌లో ఆరేళ్లుగా ఒకే గ్రూపుకి గేమ్ నడుపుతున్నా, మొదటి ఏడాది నాకూ సరిగ్గా ఇదే తలనొప్పి, ఎగిరేవాళ్లని బ్యాన్ చేద్దామని గట్టిగా అనుకున్నా కూడా. తర్వాత రూల్స్ నిదానంగా చదివితే తెలిసిందేంటంటే ఈ ఎడిషన్‌లో ఎక్కడం ఫ్రీ, బిల్లు వచ్చేది పడినప్పుడు. ఎక్కిన ప్రతి 10 అడుగులూ నెత్తిమీద ఒక డీ6 (ఆరు ముఖాల పాచిక వేస్తే వచ్చేంత దెబ్బ) అప్పు అనుకోండి. మనం సాధారణంగా ఎక్కడం చూస్తాం, ఆ అప్పు వసూలు చెయ్యడం మర్చిపోతాం, అందుకే ఎగరడం అన్యాయంగా కనిపిస్తుంది.

ముందు హోవర్ సంగతి, ఎందుకంటే అందరూ తడబడేది ఇక్కడే. హోవర్ లేకపోయినా గాల్లో ఒకేచోట ఆగొచ్చు. టర్న్ మొత్తం ఒక్క అడుగు కూడా కదలకుండా బాణం వేసుకుంటూ ఉండొచ్చు, ఏమీ పడడు. ఫిఫ్త్ ఎడిషన్‌లో ఇంత దూరం కదిలి తీరాలి అనే కనీస లెక్కే లేదు. మరి హోవర్ దేనికి అంటే, మామూలుగా పడిపోవాల్సిన పరిస్థితి వచ్చినా పడకుండా ఉండటానికి. అంతే దాని పని.

ఈ కన్ఫ్యూజన్ ఎక్కడినుంచి వస్తుందో కూడా చెప్తా. మా గ్రూపులో ఒక అన్న ఉన్నారు, అమెరికాలో చదువుకునేటప్పుడు 3.5 ఎడిషన్ బాగా ఆడారు, ఆయన మా టేబుల్ దగ్గర మొదటి రోజే "సగం స్పీడన్నా ముందుకి కదలకపోతే స్టాల్ అయి పడిపోవాలి కదరా" అన్నారు, నేను కొత్తవాణ్ణి, నమ్మేశా. ఆయన చెప్పింది అబద్ధం కాదు, 2003లో వచ్చిన ఆ ఎడిషన్‌లో నిజంగానే ఎగిరే జీవులకి పర్ఫెక్ట్ నుంచి క్లమ్సీ దాకా ఐదు గ్రేడ్లు ఉండేవి, యావరేజ్ గానీ అంతకంటే తక్కువ గానీ అయితే సగం స్పీడ్ కదలాల్సిందే, లేకపోతే మొదటి రౌండ్‌లోనే 150 అడుగులు కిందికి జారిపోతారు. పైకెళ్తే పర్ఫెక్ట్ తప్ప మిగతావాళ్లకి సగం స్పీడ్, కిందికి వస్తే డబుల్. ఫిఫ్త్ ఎడిషన్‌లో అవన్నీ తీసేశారు, పైకైనా కిందికైనా అడ్డంగా అయినా అడుగుకి అడుగే. ఒకవేళ మీ వాళ్లెవరైనా పాత్‌ఫైండర్ (ఇలాంటిదే ఇంకో గేమ్) సెకండ్ ఎడిషన్ ఆడి వచ్చుంటే అక్కడ ఇంకో రకం, పైకెళ్లడం డిఫికల్ట్ టెరైన్‌లా (కదలడానికి కష్టమైన నేలలా) డబుల్ ఖర్చు, ప్రతి రౌండ్ ఫ్లై యాక్షన్ వాడాలి, ఉన్నచోటే ఉండాలన్నా సున్నా అడుగుల ఫ్లై అని ఒక యాక్షన్ ఖర్చుపెట్టాలి, వాడకపోతే టర్న్ చివర్లో పడతారు. నిజం చెప్పాలంటే నాకు ఆ పద్ధతే ఎక్కువ ఇష్టం, గాల్లో ఉండటానికి ఎంతో కొంత కష్టపడుతున్నట్టు ఉంటుంది. కానీ రెండు గేముల రూల్స్ కలిపి ఆడితే మాత్రం ప్రతి ఆదివారం గొడవే, మేం ఆ గొడవ మూడు నెలలు పడ్డాం.

సరే, పడటం ఎప్పుడు. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో తొమ్మిదో చాప్టర్ తీయండి, ఫ్లయింగ్ మూవ్‌మెంట్ అని చిన్న పేరా ఉంటుంది. ప్రోన్ (పడగొట్టిన స్థితి) అయినా, స్పీడ్ సున్నా అయినా, ఇంకే రకంగా అయినా కదల్లేని స్థితికి వచ్చినా పడతారు, హోవర్ ఉంటే తప్ప లేదా ఫ్లై స్పెల్ (ఎగిరే మంత్రం) లాంటి మ్యాజిక్ పట్టుకుని ఉంటే తప్ప. ఆరకోక్రా రెక్కలు సొంతవి, మ్యాజిక్ కాదు, హోవర్ కూడా లేదు, కాబట్టి ఈ మూడూ వాడికి వర్తిస్తాయి. ఎవరైనా గ్రాపుల్ చేస్తే (గట్టిగా పట్టుకుంటే) స్పీడ్ సున్నా, పడతాడు. దగ్గరికొచ్చినప్పుడు వల విసిరితే రెస్ట్రెయిన్డ్ (కట్టేసినట్టు), అప్పుడూ సున్నానే, పడతాడు. 60 అడుగుల లోపు ఉన్న శత్రు మాంత్రికుడు హోల్డ్ పర్సన్ (మనిషిని కదలకుండా చేసే మంత్రం) వేస్తే సేవ్ (తప్పించుకోడానికి వేసే పాచిక) ఫెయిలైన క్షణంలో రాయిలా పడతాడు. స్పృహ తప్పినా అంతే. చంపకుండా దింపాలంటే ఎర్త్‌బైండ్ అని రెండో లెవెల్ స్పెల్ ఉంది, 300 అడుగుల దాకా అందుతుంది, స్ట్రెంగ్త్ సేవ్ పోతే రౌండుకి 60 అడుగుల చొప్పున మెల్లగా దిగుతారు, దెబ్బ తగలదు. కొత్త ప్లేయర్ ఉన్న టేబుల్‌కి ఇది చాలా మంచి స్పెల్, భయం తెలుస్తుంది కానీ క్యారెక్టర్ పోడు.

ఇప్పుడు మీ గోబ్లిన్ల విషయం. మాన్‌స్టర్ మాన్యువల్‌లో గోబ్లిన్ దగ్గర షార్ట్‌బో ఉంటుంది, 80 అడుగుల వరకు మామూలుగా కొట్టొచ్చు, 320 దాకా డిసడ్వాంటేజ్‌తో (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకుని) కొట్టొచ్చు. మీవాడు 50 అడుగుల పైన ఉన్నాడు అంటే చక్కగా రేంజ్‌లోనే ఉన్నాడు, పైగా ఆకాశంలో చెట్టు లేదు గోడ లేదు, కవర్ లేదు. నాలుగు గోబ్లిన్లకి కనిపించే మొదటి టార్గెట్ వాడే. పైకి చూసి బాణం వేయడం గోబ్లిన్లకి ఎవరో నేర్పాల్సిన విద్య కాదు కదా.

ఇక్కడ ఒక లెక్క చూడండి, ఇది చూశాకే నేను బ్యాన్ ఆలోచన మానేశా. ఫస్ట్ లెవెల్ ఆరకోక్రాకి హిట్ పాయింట్స్ (ప్రాణం లెక్క) మొత్తం 9 అనుకుందాం. 50 అడుగుల ఎత్తులో రెండు బాణాలు తగిలి సున్నాకి వచ్చాడు. స్పృహ పోయింది కాబట్టి పడతాడు, 5డీ6, సగటున 17 పైనే. సున్నాలో ఉన్నవాడికి మళ్లీ డ్యామేజ్ తగిలితే ఒక డెత్ సేవ్ (చావుబతుకుల పాచిక, మూడు పోతే చావు) ఫెయిల్, ఆ డ్యామేజ్ వాడి మాక్సిమమ్ హిట్ పాయింట్స్‌కి సమానం గానీ ఎక్కువ గానీ అయితే అక్కడికక్కడే మరణం, డెత్ సేవ్స్ కూడా లేవు. 9కి 17. నేల మీద పడిపోయిన ఫైటర్‌ని లేపడానికి క్లెరిక్ (వైద్యం చేసే పూజారి) పక్కనే ఉంటాడు, వీడికి ఆ అవకాశమే లేదు. అంటే చిన్న లెవెల్స్‌లో 50 అడుగుల ఎత్తు చాలా ప్రమాదకరమైన చోటు. ఇది మీవాడికి తెలియకపోవచ్చు, మీరు ముందే చెప్పాలి, చెప్పకుండా చంపితే అది మోసం చేసినట్టే అని నా అభిప్రాయం. నేను సెషన్ జీరోలోనే (గేమ్ మొదలయ్యేముందు అందరం కూర్చుని మాట్లాడుకునే రోజు) ఈ లెక్క పేపర్ మీద వేసి చూపిస్తా, అది చూశాక వాళ్లంతట వాళ్లే 15, 20 అడుగుల దగ్గర ఎగరడం మొదలుపెడతారు, అక్కడైతే కింద నిలబడ్డ శత్రువు కత్తి అందదు, పడినా 2డీ6 దాటదు. ఇంకోటి, హీలింగ్ వర్డ్ అనే వైద్యం మంత్రం 60 అడుగులే అందుతుంది, క్యూర్ వూండ్స్‌కి ముట్టుకోవాలి. గుంపుకి దూరంగా 100 అడుగుల పైకెళ్లినవాడికి క్లెరిక్ ఉన్నా లేనట్టే.

డ్యామేజ్ లెక్క ఎలాగూ వచ్చింది కాబట్టి పూర్తి చేసేస్తా, 10 అడుగులకి 1డీ6, ఎంత ఎత్తయినా 20డీ6 దాటదు, దెబ్బ తగిలితే ప్రోన్‌గా పడతారు. పడటానికి టైమ్ పట్టదు, 2017లో వచ్చిన జానథార్స్ గైడ్ ప్రకారం వెంటనే 500 అడుగుల వరకు కిందికి వచ్చేస్తారు. అదే పుస్తకంలో ఇంకో ఆప్షనల్ రూల్ ఉంది, నేను తప్పకుండా వాడతా: ప్రోన్ అయినా స్పృహలో ఉండి ఫ్లయింగ్ స్పీడ్ సున్నా కాకుండా ఉంటే, పడిన దూరంలోంచి ఆ స్పీడ్ తీసేసి మిగిలినదానికే డ్యామేజ్. స్పీడ్ 50 ఉన్న ఆరకోక్రా 70 అడుగులనుంచి ప్రోన్ అయి పడితే 20 అడుగులకే, 2డీ6. రెక్కలు టపటపా కొట్టుకుంటూ పడ్డాడన్నమాట. గ్రాపుల్ చేసి స్పీడ్ సున్నా చేస్తే మాత్రం ఈ రాయితీ లేదు. ఇక ఎవరి దగ్గరైనా ఫెదర్ ఫాల్ ఉంటే రియాక్షన్‌తో (తన టర్న్ కాకపోయినా వెంటనే చేసే పని) 60 అడుగుల లోపు పడుతున్న ఐదుగురిని కాపాడొచ్చు, మొదటి లెవెల్ స్పెలే, ఎగిరేవాడు ఉన్న పార్టీలో విజార్డ్ (మాంత్రికుడు) ఇది నేర్చుకోకపోతే నేనే గుర్తుచేస్తా.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, మీరు అదే చెయ్యకూడదని. మా విజార్డ్ ఐదో లెవెల్‌లో ఫ్లై స్పెల్ నేర్చుకుంది, కాన్‌సన్‌ట్రేషన్ (మనసు దానిమీదే పెట్టి ఉంచాలి, దెబ్బ తగిలితే మంత్రం పోవచ్చు), పది నిమిషాలు, 60 అడుగుల స్పీడ్. ఒక లోయ మీద 60 అడుగుల ఎత్తులో ఎయిర్ ఎలిమెంటల్‌తో (గాలి భూతం) ఫైట్, దాని వర్ల్‌విండ్‌కి (సుడిగాలి దాడి) స్ట్రెంగ్త్ సేవ్ పోయింది, 15 డ్యామేజ్, 20 అడుగులు విసిరేసి ప్రోన్ అయింది. కాన్‌సన్‌ట్రేషన్‌కి డీసీ, అంటే పాచికతో అందుకోవాల్సిన సంఖ్య, 10 (10 గానీ డ్యామేజ్‌లో సగం గానీ ఏది ఎక్కువైతే అది), అది పాసైంది. కానీ నేను ప్రోన్ కాబట్టి పడిపోయావు అన్నా. 6డీ6 వేస్తే 24 వచ్చింది, ఆమె దగ్గర మిగిలింది 14. సున్నా. మిగతావాళ్లందరూ లోయకి అవతల ఉన్నారు, ఎవరూ చేరుకోలేకపోయారు, డెత్ సేవ్స్ మూడూ పోయాయి. ఎనిమిది నెలలు ఆడిన క్యారెక్టర్. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా వాదించలేదు, డైస్ సర్దుకుని ఇంటికెళ్లిపోయింది, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత గ్రూపులో ఇంకొకతను ఆ పేరా ఫోటో తీసి పెట్టాడు, మ్యాజిక్ పట్టుకుని ఉంటే పడరు అన్న చివరి ముక్క కింద గీత గీసి. నేను పైన మీకు చెప్పిన వాక్యమే అది, అంతకుముందు పదిసార్లు చదివా, ఆ చివరి ముక్క నా కంట పడలేదు. ఫ్లై స్పెల్‌లో ఉన్నవాళ్లు ప్రోన్ అయినా పడరు, కాన్‌సన్‌ట్రేషన్ పోయి స్పెల్ ఆగిపోతేనే పడతారు. ఆ ఆదివారం అందరి ముందు ఆమెకి సారీ చెప్పి, వర్ల్‌విండ్ కొట్టిన క్షణం నుంచి ఫైట్ మళ్లీ మొదలుపెట్టాం. వెనక్కి తిప్పడం కొందరు డీఎంలకి నచ్చదు, కథ పాడవుతుందంటారు, నేను ఒప్పుకోను. డైస్ వల్ల పోతే సరే, నేను చదవకపోవడం వల్ల పోయింది కదా. కాబట్టి మీ టేబుల్ దగ్గర ఎవరైనా ఎగిరితే ముందు అడగాల్సింది రెక్కలా స్పెల్లా అని. అదొక్కటి తెలిస్తే సగం డౌట్లు పోతాయి. 2024 పుస్తకానికి మారితే ఇదే విషయాన్ని ఇంకా నీట్‌గా రాశారు, ఫ్లై స్పెల్‌కి హోవర్ ఇచ్చేశారు, ఇన్‌కెపాసిటేటెడ్ (ఏ పనీ చెయ్యలేని స్థితి), ప్రోన్, ఫ్లై స్పీడ్ సున్నా, ఈ మూడింట్లో ఏదైనా అయితే పడతారు, హోవర్ ఉంటే పడరు.

స్పీడ్లు కలపడం గురించి మీరు అడగలేదు గానీ త్వరలోనే వస్తుంది. ఆరకోక్రా పాత వెర్షన్‌కి నడక 25, ఎగరడం 50. రెండూ ఒకే టర్న్‌లో వాడొచ్చు, కలిపి 75 కాదు, ఇప్పటికే కదిలింది కొత్త స్పీడ్‌లోంచి తీసెయ్యాలి. 10 నడిచి తర్వాత 40 ఎగరొచ్చు. 30 ఎగిరి దిగాక నడవలేడు, 25లోంచి 30 పోతే ఏం మిగలదు. మీడియం, హెవీ ఆర్మర్ వేసుకుంటే అసలు ఎగరలేడు, అది చెక్ చేశారా? మా దగ్గర ఒకతను స్కేల్ మెయిల్ (మీడియం ఆర్మర్) వేసుకుని మూడు సెషన్లు ఎగిరాడు, ఎవరూ గమనించలేదు. గోబ్లిన్‌ని ఎత్తుకెళ్లి పైనుంచి పడేస్తా అంటే కూడా కుదురుతుంది, ముందు గ్రాపుల్ గెలవాలి, మోసుకెళ్తే స్పీడ్ సగం, 25 అడుగులు, వదిలేస్తే 2డీ6. బాగుంటుంది, చెయ్యనివ్వండి.

దూరానికి మేం మొదట్లో పైథాగరస్ వేసేవాళ్లం, అడ్డంగా 40 పైకి 30 అంటే 50 అని, ఫోన్లో కాలిక్యులేటర్ తీసి ఫైట్ మొత్తం చప్పబడిపోయేది. హ్యాండ్‌బుక్ గ్రిడ్ రూల్‌లో ఐమూలగా వెళ్లినా ఒక గడికి 5 అడుగులే కదా, దాన్నే నిలువుకి కూడా వాడుకున్నాం, అడ్డం దూరం, ఎత్తు, రెండింట్లో పెద్దది ఏదో అదే దూరం. 40, 30 అయితే 40. కచ్చితం కాదు, అందరికీ ఒకటే కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

ఎత్తు గుర్తుపెట్టుకోవడానికి ఇంట్లో ఉన్న క్యారమ్ కాయిన్స్ వాడతాం, తెల్లది 10 అడుగులు, నల్లది 50, మినియేచర్ కింద పేరుస్తాం. పేర్చి పెడితే చూసేవాళ్లకి కూడా గుండె కొంచెం ఝల్లుమంటుంది. టర్న్ అయిపోయేముందు ఎగిరేవాడు తన ఎత్తు పైకి చెప్పాలి, చెప్పకపోతే పాత ఎత్తులోనే ఉన్నట్టు లెక్క, ఇది మా టేబుల్ రూల్, "నేను 20లోనే ఉన్నాను కదా" అనే గొడవలు దీంతో ఆగిపోయాయి. మీ వచ్చే సెషన్ గుహలో అయితే పైకప్పు ఎత్తు కూడా మ్యాప్ మీద ముందే రాసి పెట్టుకోండి, అడిగాక అక్కడికక్కడ 10 అడుగులు అని కనిపెడితే ఆ కుర్రాడికి తన రెక్కలు కట్టేసినట్టు అనిపిస్తుంది.